పద్నాలుగో నంబరు ఇంటి మూడో కిటికీ

మా మైలురాళ్ళ శాఖ కమిషనరు చిదానందం గారు ఆ ఏడాది ఫిబ్రవరిలో ఏదో శిక్షణకని పక్క రాష్ట్రం వెళ్ళారు. శిక్షణ దేని గురించో ఆయనకి గుర్తులేదు కానీ, దిగిన గెస్ట్‌హౌస్ గది మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ గదిలో కిటికీ పైన, కర్టెన్ కడ్డీ కనపడకుండా, పూలగుడ్డ తొడిగిన పెల్మెట్ ఒకటి ఉందిట. ముట్టుకుంటే పరుపులా మెత్తగా ఉందిట. ఎక్కడ కొన్నారని అడిగితే, కొనలేదండీ, వాచ్‌మన్ భార్య పాత చీరతో ఇంట్లోనే చేసిందండీ అన్నారుట. కమిషనరు గారు మంచం మీద కూర్చుని దాని వంకే గంటసేపు చూశారు.

"ఇన్నేళ్ళూ మన కిటికీలని బోడితలలతో వదిలేశాం నరసింగం!" అన్నారు తిరిగొచ్చాక నాతో. ఆయన కళ్ళు చెమర్చడం నేను స్వయంగా చూశాను.

నేను ఆ శాఖలో ఎస్టేట్ సెక్షన్ సూపరింటెండెంటుని. శాఖ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి చాలాకాలమైంది. అయినా మైలురాళ్ళని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. సామర్లకోటలో కాలవగట్టు పక్కన మా ఆఫీసు, దాని వెనక నూట అరవై క్వార్టర్లు ఉన్నాయి. ఏ ఇంటికి ఎన్ని తలుపులు, ఎన్ని కిటికీలు, ఎన్ని కొళాయిలు ఉన్నాయో చెప్పే రిజిస్టరు నా బీరువాలో ఉంటుంది. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆ రిజిస్టరు తప్పని నేను ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

పెల్మెట్ అనే మాట ప్రభుత్వ ఉత్తర్వులో బాగుండదని, తెలుగు మాట వెతకడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు సమావేశమై "గవాక్షశిరోవస్త్రపేటిక" అని తేల్చింది. అది ఒక లైనులో పట్టడం లేదని టైపిస్టు మొరపెట్టుకుంటే "గవాక్ష కిరీటం" అని కుదించారు. మార్చి మొదటి తారీఖున సర్క్యులరు వెలువడింది. ముసాయిదా రాసింది నేనే.

"క్వార్టర్లలో నివసించు ప్రతి ఉద్యోగియు, తన నివాసమందలి ప్రతి కిటికీకి, వస్త్రాచ్ఛాదితమగు కిరీటమును స్వహస్తములతో ముప్పది దినములలో నిర్మించుకొనవలెను. వడ్రంగిని గాని, దర్జీని గాని, కుటుంబసభ్యులను గాని ఆశ్రయించుట క్రమశిక్షణ ఉల్లంఘనగా పరిగణింపబడును. ఒక్క కిటికీకైనను కిరీటము లోపించినచో క్వార్టరు ఖాళీ చేయవలసియుండును."

కింద "మన కిటికీ – మన కిరీటం" అని నినాదం కూడా వేశాం.

తయారీ ఎలాగో నేర్పడానికి మీటింగు హాల్లో ప్రదర్శన పెట్టారు. ఆ బాధ్యత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పర్వతాలరావు గారిది. ఆయన ఇరవై ఏళ్ళుగా కట్టడాలు కట్టిస్తున్నారు కానీ సుత్తి పట్టుకోవడం అదే మొదలు.

"ప్రథమ దశయందు, ప్లైవుడ్ పలకను కిటికీ వెడల్పు కన్నా ఇరువైపులా మూడేసి అంగుళాలు అధికంగా కోయించుకొనవలెను. క్షమించాలి, కోసుకొనవలెను. ద్వితీయ దశయందు, పలకపై స్పాంజి అతికించవలెను. తృతీయ దశయందు, వస్త్రమును బిగువుగా లాగి, వెనుక వైపునకు మడిచి, చిన్న మేకులతో..."

మాట పూర్తి కాకుండానే సుత్తి ఆయన ఎడమచేతి బొటనవేలి మీద పడింది. ఆయన పెట్టిన కేక మైకులోంచి కాలవ అవతలి దాకా వినపడింది. హాల్లో అందరూ ఎవరి బొటనవేలు వాళ్ళు పట్టుకున్నారు. కమిషనరు గారు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఇదీ స్వహస్తం అంటే! చూడండి, ఈ బొటనవేలే సాక్ష్యం!"

ఇంజనీరు గారి నోట్లోంచి వచ్చిన కేకకి అంత పాలనాపరమైన విలువ ఉంటుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు. వారం తిరక్కుండా అనుబంధ ఉత్తర్వు వచ్చింది. కిరీటం స్వయంగానే చేశారనడానికి రుజువుగా, ఉద్యోగి తన బొటనవేలిని మెడికల్ ఆఫీసరుకి చూపించి, కమిలినట్టు ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

దాంతో మా కాలనీ కళ మారిపోయింది. ఆఫీసులో ఫైళ్ళ మధ్య స్పాంజి ముక్కలు కనపడసాగాయి. అకౌంట్స్ ఆఫీసరు గారు బల్ల కింద కాళ్ళ మధ్య పలక పెట్టుకుని గుడ్డ బిగిస్తూ ఉండేవారు. చాటుగా వడ్రంగి చేత చేయించుకున్నవాళ్ళు ధ్రువపత్రం కోసం తలుపు సందులో వేలు పెట్టి నొక్కుకునేవారు. ఒకాయన మరీ నిజాయితీపరుడు. నేర్పుగా, దెబ్బ తగలకుండా మూడు కిరీటాలూ చేసుకున్నాడు. వేలు కమలలేదని అతనికి నోటీసు ఇచ్చాం.

మా ఇంట్లో కిరీటాలు నా భార్య చేసింది. నేను ఆదివారం పొద్దున్న పచ్చడిబండతో వేలు చితక్కొట్టుకున్నాను. రూలు రూలే కదా.

అలాంటి రోజుల్లో, మార్చి రెండోవారంలో, మంగతాయారు నా సెక్షన్‌కి వచ్చింది. ఆమె మా ఆఫీసులోనే రికార్డు అసిస్టెంటు. భర్త మా జీపు డ్రైవరుగా చేస్తూ పోతే, ఆ ఉద్యోగం బదులు ఈమెకి ఇది ఇచ్చారు. పద్నాలుగో నంబరు ఇంట్లో అత్తగారూ తనూ ఉంటారు. మనిషి నెమ్మదస్తురాలు. ఎవరినీ గట్టిగా అనగా నేను వినలేదు. ఆ రోజు చేతిలో సర్క్యులరు కాయితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

"నరసింగం గారండీ, మా ఇంటికి మూడు కిరీటాలు చెయ్యమని రాశారండి. మాకున్నవి రెండే కిటికీలండి."

నేను రిజిస్టరు తీసి చూశాను. "మూడు ఉన్నాయమ్మా. ముందుగది ఒకటి, వంటిల్లు ఒకటి, వెనకగది ఒకటి."

"వెనకగదికి కట్టినప్పుడే కిటికీ పెట్టలేదండి కంట్రాక్టరు. వట్టి గోడండి అక్కడ. మీకు తెలుసు కదండీ. ఆరేళ్ళ నుంచీ ఏడాదికో అర్జీ పెడుతున్నాను. మా అత్తగారికి ఆయాసమండి. ఆ గదిలోనే పడుకుంటది."

నాకు తెలుసు. ఆరు అర్జీలకీ జవాబులు రాసింది నేనే. ఆరింటికీ ఒకే వాక్యం: "కొత్తగా కిటికీ అమర్చుట నూతన నిర్మాణము క్రిందికి వచ్చును, క్వార్టర్లలో నూతన నిర్మాణములు నిషిద్ధమైనందున వీలుపడదని తెలియజేయడమైనది."

ఒక కాయితం కిటికీ లేదంటుంటే ఇంకో కాయితం ఉందనడం ఎలా కుదురుతుందని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. నిర్మాణాల నిషేధం ఒక ఫైలు, కిటికీల లెక్క ఇంకో ఫైలు. రెండూ వేరు వేరు బీరువాల్లో ఉంటాయి. ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

"మరి లేని కిటికీకి కిరీటం ఎక్కడ కొట్టమంటారండి?" అంది మంగతాయారు.

"ఉండాల్సిన చోట," అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. నేను నవ్వుతానేమో అనుకున్నట్టుంది. నేను నవ్వలేదు. కాయితం మడిచి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

పై ఆదివారం ఉదయం కిరీటాల పురోగతి పరిశీలనకని ఇల్లిల్లూ తిరుగుతూ పద్నాలుగో నంబరుకి వెళ్ళాను. మంగతాయారు ముందుగదిలో నేల మీద కూర్చుని పలక మీద పని చేస్తోంది. అత్తగారు బుల్లెమ్మ గుమ్మంలో చాప మీద కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. భర్త బతికున్నప్పుడు టైలరుట. ఆయన పక్కన కూర్చుని ఈవిడా కుట్టేదిట. ఇప్పుడు పది మాటలు మాట్లాడితే రెండుసార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగాలి. అయినా ఆ పది మాటలూ మానదు.

"అలా కాదే తాయారూ. ముందు మధ్యలో కొట్టు మేకు. తరవాత ఇటూ అటూ జరుపుకుంటా పో. చివర నుంచి మొదలెడితే గుడ్డ ఏడుస్తది."

నన్ను చూసి మంగతాయారు లేవబోయింది. కుటుంబసభ్యుల సాయం నిషేధమని నేను గుర్తుచేశాను.

"నేను చెయ్యి పెట్టలేదు బాబూ," అంది బుల్లెమ్మ, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తూ. "నోరు పెట్టకూడదని నీ కాయితంలో ఉందా?"

లేదు. నేను రాయడం మర్చిపోయాను.

పలక విరిగిపోయిన బీరువా వెనకచెక్క. స్పాంజి సంతలో తెచ్చిన పాత బస్సు సీటుది. దాని మీద ముందు పాత పంచె ఒక మడత పరిచారు, స్పాంజి పసుపు పైకి కనపడకుండా. ఆ పైన నీలం నేతచీర, చిన్న చిన్న మామిడిపిందెల అంచుతో. మంగతాయారు గుడ్డ లాగి పట్టుకుని మేకు కొడుతుంటే, అత్తగారు మెడ చాచి చూస్తూ చెబుతోంది.

"మూల దగ్గర ఆగు. ప్రసాదం పొట్లం కడతాం చూడు, అలా మడువు. లోపలికి. ఆఁ, ఇప్పుడు పైది దాని మీదకి. ఉబ్బు రాకూడదు..." ఊపిరి కోసం ఆగింది. గుమ్మం చెక్కని పట్టుకుని ముందుకి వంగింది. కోడలు సుత్తి పక్కన పెట్టి ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. నేను ఏం చెయ్యాలో తెలియక పురోగతి అన్న గళ్ళో "సంతృప్తికరము" అని రాసుకున్నాను.

తేరుకున్నాక ముగ్గురం వెనకగదిలోకి వెళ్ళాం. సున్నం కొట్టిన ఉత్త గోడ. కిటికీ ఉండాల్సిన చోటేదో టేపుతో కొలిచి చూపించాను. మంగతాయారు గోడకి రెండు ఎల్-క్లాంపులు బిగించి కిరీటం వాటి మీద కూర్చోబెట్టింది. కింద కడ్డీకి కర్టెన్ తగిలించింది. దూరం నుంచి చూస్తే దాని వెనక తోటో, కాలవో ఉన్నట్టే ఉంది.

"ఆ పరదా తీస్తే ఏం కనపడతదే?" అంది బుల్లెమ్మ.

"గోడ."

"మరెందుకిదంతా?"

"గవర్నమెంటుకి అత్తా."

బుల్లెమ్మ నా వైపు తిరిగి, "బాబూ, గవర్నమెంటుకి ఆయాసం రాదా?" అని అడిగింది. దానికి నా దగ్గర సమాచారం లేదు.

మార్చి నెలాఖరున కమిషనరు గారు, ఇంజనీరు గారు, టేపులు పట్టుకుని ఇద్దరు అసిస్టెంట్లు, రిజిస్టరుతో నేను తనిఖీకి బయల్దేరాం. కమిషనరు గారికి ఒక్కో ఇంటికీ ముఖం చిన్నబోసాగింది. తొందరగా చేసుకున్నవాళ్ళ కిరీటాలు అప్పటికే దుమ్ము పట్టాయి. ఎండకి రంగు వెలిశాయి. ఇరవైమూడో నంబరులో పిచ్చిక గూడు కట్టింది. ముప్పయ్యొకటిలో బల్లి గుడ్లు పెట్టింది. కమిషనరు గారు తెల్ల రుమాలుతో ఒక్కొక్క కిరీటాన్నీ తుడిచి, రుమాలు చూసుకుని, నిట్టూర్చారు.

పద్నాలుగులో వెనకగదికి వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నీలం కిరీటం కడిగిన ముత్యంలా ఉంది. వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి రాశారు. వేలికి ఏమీ అంటలేదు.

"ఇంత శుభ్రంగా ఎలా ఉంచగలిగారమ్మా?"

మంగతాయారు నిజం చెప్పింది. "అక్కడ కిటికీ లేదండి."

కమిషనరు గారు కళ్ళు మూసుకుని ఆ మాట మళ్ళీ ఒకసారి తనలో అనుకున్నారు. తరవాత మా అందరి వైపూ తిరిగారు.

"విన్నారా? ఒక చిన్న ఉద్యోగిని ఎంత లోతుగా ఆలోచించిందో! కిరీటానికి శత్రువు ఎవరు? కిటికీ! దుమ్ము ఎక్కడి నుంచి వస్తోంది? కిటికీ నుంచి. ఎండ? కిటికీ నుంచి. పిచ్చిక? కిటికీ నుంచి!"

ఇంజనీరు గారు ఈలోగా కర్టెన్ అంచు ఎత్తి చూశారు. గోడ కనపడింది. కర్టెన్ దింపేసి, గొంతు సవరించుకుని, "కిటికీ పటిష్ఠంగా ఉంది సార్," అన్నారు. రిజిస్టరులో "కిటికీ 14/3: ఉన్నది. కిరీటము: అత్యుత్తమము" అని రాసి, ఆయన సంతకం చేశారు. దాని మీద కమిషనరు గారు చేశారు. నేను ముద్ర వేశాను. మంగతాయారుకి మొదటి బహుమతిగా శాలువా కప్పారు. మార్చి ఎండలో ఆ ఉన్ని శాలువాతో ఆమె ఫొటోకి నిలబడింది.

వెంటనే రెండో సర్క్యులరు. "కిరీట పరిరక్షణార్థము, క్వార్టర్లలోని సకల కిటికీలు శాశ్వతముగా మూసియుంచవలెను. మూసిన కిటికీలకు ఎస్టేట్ సెక్షన్ వారు లక్క సీలు వేయుదురు. సీలు భగ్నము చేయుట శిక్షార్హము."

నాలుగు రోజులపాటు లక్క కాచుకుంటూ ఇల్లిల్లూ తిరిగి సీళ్ళు వేశాం. ఇక ఏప్రిల్ ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. సాయంత్రం అయ్యేసరికి కాలనీ అంతా కాలవగట్టు మీదే ఉండేది. వంటిళ్ళలో పొగ బయటికి పోక, ఉల్లిపాయ వేయించినా ఇంటిల్లిపాదీ ఏడ్చేవారు. కమిషనరు గారి బంగళాలో కిటికీలకీ సీళ్ళు వేశాం. అక్కడ ఏసీలు ఉండడం వల్ల ఆయనకి సర్క్యులరులో లోపమేదీ కనపడలేదు. "క్రమశిక్షణకి మొదట్లో కొంచెం ఉక్కపోస్తుంది," అన్నారు సమీక్షా సమావేశంలో.

మే పదో తారీఖు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఒంటిగంట నుంచి మూడు దాకా రాలేదు. మంగతాయారు ఆఫీసులో ఉంది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, "మీ అత్తగారికి ఊపిరి అందట్లేదు, రా!" అని పిలుచుకుపోయింది. మంగతాయారు ఇంటికి వెళ్ళేసరికి ముసలావిడ వెనకగదిలో, నీలం కిరీటం కింద, గోడకి చేతులానించి నోరు తెరుచుకుని ఉందిట. పెదాలు నల్లబడ్డాయిట. మంగతాయారు వంటింట్లోకి వెళ్ళి అట్లకాడతో కిటికీ సీలు బద్దలుకొట్టింది. ముందుగదిదీ కొట్టింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు వీధిలో నిలబడి ఆటో కోసం పెట్టిన కేకలు ఆఫీసులో మాకు వినపడ్డాయి.

బుల్లెమ్మ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. డాక్టరు మందులు రాస్తూ, "ఈవిడకి వీటన్నిటికన్నా ముందు గాలి కావాలమ్మా. గాలి వచ్చే గదిలో పడుకోబెట్టండి," అని చెప్పాడుట.

ఐదో రోజున మంగతాయారుకి మెమో వెళ్ళింది: రెండు సీళ్ళు భగ్నం చేసినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వవలెను. మెమో అందజేసి, సంఘటనా స్థలంలోనే వాంగ్మూలం నమోదు చెయ్యమని నన్ను పంపారు. సంఘటనా స్థలం అంటే వెనకగది. కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండు. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ ఉన్న వేడినే తిప్పుతోంది. ఎదురుగా మంచం మీద బుల్లెమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. ముఖం పీక్కుపోయింది. మంగతాయారు గుమ్మంలో నిలబడింది.

"పేరు?" అన్నాను, ఫారంలో అదే మొదటి ప్రశ్న కాబట్టి.

"మీకు తెలుసు కదండీ," అంది మంగతాయారు. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

పది నిమిషాలు రాశాను. చెమట కారి కాయితం మీద సిరా అలుక్కుపోయింది. కాలరు విప్పుకున్నాను. గుండె మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. ఊపిరి తీసుకోవడం అనేది నేను ప్రత్యేకంగా చెయ్యాల్సిన పని అయిపోయింది. బుల్లెమ్మ విసనకర్ర నా వైపు తిప్పి మెల్లగా విసరడం మొదలుపెట్టింది.

"నీకూ ఆయాసముందా బాబూ?"

"లేదమ్మా."

"వస్తది. కూచో."

నేను కలం మూసేశాను. ఆ గదికి గోడే సరిపోతుందని నేను ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ ఫ్యాను కింద, కాలవ గాలి వచ్చే నా సీట్లో కూర్చుని రాశాను. ఒక్కసారైనా ఇక్కడ కూర్చుని రాసి ఉంటే ఆ వాక్యం చివరిదాకా వెళ్ళేవాణ్ణి కాదు. ఈ మాట పైకి అనడం నాకు చేతకాలేదు. మా సెక్షన్‌లో క్షమించమని అడగడానికి ఫారం లేదు. అందుకని నాకు తెలిసిన భాషలోనే మాట్లాడాను.

"ఆరేళ్ళుగా మీరు అర్జీ తప్పు రాస్తున్నారమ్మా."

"ఏం తప్పండి?"

"కిటికీ లేదు అని రాస్తున్నారు. లేనిది కావాలంటే నూతన నిర్మాణం. అది కుదరదు. కానీ 14/3 కిటికీ ఉంది. ఇంజనీరు గారి సంతకంతో, కమిషనరు గారి సంతకంతో ఉంది. పైగా దాని కిరీటానికి మొదటి బహుమతి. కాబట్టి, కిటికీ ఉంది కానీ తెరుచుకోవడం లేదు అని రాయండి. అది మరమ్మతు."

మొదట నవ్వింది బుల్లెమ్మ. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గుతూనే కోడలికి సైగ చేసింది: కలం తీసుకో, కలం తీసుకో.

మర్నాడు ఫైలు పెట్టాను. కిటికీ తెరవడం రెండో సర్క్యులరుకి విరుద్ధం కాబట్టి, కొంచెం జాగ్రత్తగా రాయాల్సి వచ్చింది. "14/3 కిటికీ రెక్కలు పూర్తిగా గోడలో బిగుసుకుపోయినందున దానికి నేటివరకు సీలు వేయుట సాధ్యపడలేదు. కమిషనరు వారి ఉత్తర్వు అమలులో ఇది ఒక్కటే లోటు. సీలు వేయుటకు అనువుగా సదరు కిటికీని తక్షణము మరమ్మతు చేయించవలసియున్నది."

కమిషనరు గారు చదివి, "లోటు ఉండడానికి వీల్లేదు!" అని సంతకం పెట్టారు. ఇంజనీరు గారికి ఆ గోడ గుర్తుంది. ఫైలు వంక, నా వంక మార్చి మార్చి చూశారు. కానీ అది గోడ అని ఇప్పుడు రాస్తే, మార్చిలో తను పెట్టిన సంతకానికి తనే సంజాయిషీ రాసుకోవాలి. స్టోరు నుంచి "విడిభాగాలు" మంజూరు చేశారు: ఫ్రేము ఒకటి, రెక్కలు రెండు, ఊచలు ఆరు.

తాపీమేస్త్రీ సింహాచలం పనిముట్లతో వచ్చాడు. నేను దగ్గరుండాలని వెళ్ళాను. అతను కిరీటం ఊడదీసి మంచం మీద పెట్టాడు. కర్టెన్ తీశాడు. గోడని చూశాడు. చేతిలో వర్కు ఆర్డరు చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

"బాబుగారూ, ఇది గోడండి."

"కిటికీ. బాగా బిగుసుకుపోయింది."

అతను వేళ్ళతో తట్టి చూశాడు. "ఎన్నాళ్ళయిందండి బిగుసుకుని?"

"ఇల్లు కట్టినప్పటి నుంచీ."

సింహాచలం మంచం మీదున్న ముసలావిడని చూశాడు. ఆవిడ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు విన్నాడు. "పక్కకి జరగండి, దుమ్ము పడుద్ది," అని ఉలి తీశాడు.

నాలుగు గంటల ప్రాంతంలో ఒక ఇటుక అవతలికి పడింది. గుప్పెడంత వెలుగు గదిలోకి వచ్చింది. మంగతాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దుమ్ము వల్ల అని చెప్పింది. మూడు రోజుల్లో ఫ్రేము కూర్చుంది, రెక్కలు బిగిశాయి. తెరిచిన రోజున బుల్లెమ్మ మంచాన్ని దాని పక్కకి జరిపించుకుంది.

"గాలి వస్తోందా అత్తా?" అంది మంగతాయారు.

"వస్తంది. పక్కింటోళ్ళ ఎండుచేపల కూరతో సహా వస్తంది. రానియ్యి."

సీలు వెయ్యడానికి లక్క పట్టుకుని నేనే వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళి చూస్తే కిటికీకి కిరీటం లేదు. సింహాచలం దింపినప్పుడు ఒక మూల చిరిగింది. మళ్ళీ పెట్టలేదు. సీలు కిరీట పరిరక్షణార్థం అని సర్క్యులరులో స్పష్టంగా ఉంది. కిరీటమే లేనప్పుడు పరిరక్షణ ప్రశ్న ఉత్పన్నం కాదు. లక్క వెనక్కి తీసుకొచ్చి, రూలు ప్రకారం కిరీటం ఎందుకు లేదని మంగతాయారుకి మెమో ఇచ్చాను.

సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. ఈసారి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆమే రాసుకుంది.

"14/3 కిటికీ కిరీటము మరమ్మతులో ఉన్నది. స్వహస్తములతోనే చేసుకొనుచున్నాను. పూర్తయిన వెంటనే సీలు నిమిత్తము తెలియజేసుకొనగలను. ముందుగది, వంటగది కిరీటములు కూడ ఇదే విధముగా మరమ్మతులో ఉన్నవి. కావున ఆ సీళ్ళ భగ్నమునకు సంబంధించిన మెమో ఉపసంహరించుకొన ప్రార్థన."

నా సర్వీసులో అంత చక్కని ముసాయిదా చూడలేదు. చర్య ముగించవచ్చునని రాసి ఫైలు పైకి పంపాను.

ఆ జవాబు నకలు ఎలా బయటికి పొక్కిందో నేను విచారించలేదు. వారం తిరిగేసరికి మా సెక్షన్‌కి నూట యాభై తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. ప్రతి ఇంట్లోనూ కిరీటాలు మరమ్మతులో ఉన్నాయి. ఒకరికి మూల చిరిగింది, ఒకరికి స్పాంజి ఉబ్బింది, ఒకరి దాంట్లో పిచ్చిక పిల్లలు పెట్టింది. మరమ్మతులో ఉన్న కిరీటం కింద సీలు ఉండకూడదు కాబట్టి, మేం వేసిన సీళ్ళని మేమే తీసుకుంటూ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాం. తీసిన ప్రతి ఇంట్లోనూ మాకు మజ్జిగ ఇచ్చారు. వేసేటప్పుడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

జూన్ సమీక్షకి నివేదిక తయారుచేశాను: "నూట అరవై నివాసములయందును కిరీట మరమ్మతు పనులు ముమ్మరముగా సాగుచున్నవి." కమిషనరు గారు చదివి ఉప్పొంగిపోయారు. "ఒక్క ఉద్యోగి కూడా విశ్రమించలేదన్నమాట!" అన్నారు.

ఇన్‌స్పెక్షన్ అప్పుడు అడిగితే చెప్పడానికి ఒక తారీఖు ఉండాలని, ఆ మరుసటి వారం పద్నాలుగో నంబరుకి వెళ్ళాను. బుల్లెమ్మ కిటికీ ఊచలకి చెంప ఆనించి అవతలి సందులో ఎవరితోనో గొడవపడుతోంది. మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదు. నీలం కిరీటం మంచం కింద ఉంది. దాని మెత్తటి గుడ్డ మీద ఒక పిల్లి పడుకుని ఉంది.

"ఈ మరమ్మతు ఎప్పటికి పూర్తవుతుందమ్మా?" అని అడిగాను.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. తీరిగ్గా కాళ్ళు చాపుకుంది.

"తొందరేముంది బాబూ," అంది. "గవర్నమెంటు పనేగా."